భార్య లేని మనిషి

(తొమ్మిదవ భాగం)

పోయిన వారం సువర్ణను ఏలూరు పాత బస్టాండులో దించి వదిలాం. ఆమె చేతిసంచిలో రెండే ఉన్నాయి. ఒకటి ఇంటి రేషను కార్డు. రెండోది, చెరువు మీది కాపలా పాకలో తవుడు బస్తాల సందున ఆమెకు దొరికిన నీలం రంగు ఆసుపత్రి చీటీ. దాని మీద ఆమె భర్త ఎజ్రా పేరు, ఏలూరులోని ఒక ఆసుపత్రి చిరునామా, వరసగా నాలుగు తేదీలు ఉన్నాయి.

ఎజ్రా కొల్లేటి పక్కన వెంకట్రాజు గారి చేపల చెరువులో మేత వేసే మనిషి. ఎనిమిది నెలల కిందట రాజుగారే కారులో హైదరాబాదు తీసుకెళ్ళి, కిడ్నీలో రాళ్ళు తీయించి తీసుకొచ్చారు. ఊరంతటికీ, ఇంట్లోవాళ్ళకీ తెలిసింది అదే. నడుము పక్కన ప్లాస్టరుతో వచ్చిన ఎజ్రా, చిన్న సీసాలో దూది పరిచి రెండు రాళ్ళు కూడా తెచ్చాడు. వాళ్ళమ్మ కరుణమ్మ ఆ సీసాను బైబిలు పక్కన పెట్టి, చూడవచ్చిన వాళ్ళందరికీ చూపించింది. అప్పటి నుంచి ఎజ్రా ఇంట్లో పడుకోవడం మానేశాడు. చేపలు ఎత్తుకుపోతున్నారని చెప్పి పాకలోనే పడక. సువర్ణకు ఇంకో ఆడమనిషి మీద అనుమానం వచ్చింది. ఆ చీటీ చూశాక అనుమానం ఇంకా బలపడింది.

ఇవాళ మంగళవారం. శుక్రవారం ఉదయం పదింటికి ఇంటి ముందు షామియానా వేసి కృతజ్ఞతా కూడిక పెట్టించింది కరుణమ్మ. ఆ కూడికలో ఎజ్రా మైకు ముందు నిలబడి, తనకు ఏ జబ్బు చేసిందో, దేవుడు ఎలా బాగుచేశాడో సాక్ష్యం చెప్పాలి. తాడేపల్లిగూడెంలో ఉన్న అక్కను కూడికకు పిలిచి వస్తానని అత్తగారికి చెప్పి, సువర్ణ ఏలూరు బస్సెక్కింది.

ఆసుపత్రిలో చీటీ చూపిస్తే మేడ మీదకు వెళ్ళమన్నారు. వరండా చివరి గది తలుపు మీద రాసిన మాట చదివి సువర్ణ ఆగిపోయింది. ఏడో తరగతి దాకా చదువుకున్న మనిషి. కాన్సరు అన్న మాటను కూడబలుక్కోవలసిన పని లేదు. చీటీ మీది గది నంబరు, తలుపు మీది నంబరు రెండుసార్లు పోల్చి చూసుకుంది. రెండూ ఒకటే.

లోపల బల్ల వెనక కూర్చున్న నర్సమ్మ పేరు జ్ఞానప్రసూనాంబ. యాభై ఏళ్ళు ఉంటాయి. కళ్ళద్దాలు గొలుసుకు కట్టి మెడలో వేసుకుంది. చీటీ చూడగానే ఆమె ముఖం విప్పారింది.

"ఎజ్రా గారి తరఫున వచ్చావా? ఎంత మంచి పని చేశావమ్మా. మార్చిలో రాలేదు, మేలో రాలేదు. ఆయనిచ్చిన నంబరుకి ఫోను చేస్తే ఏదో చేపల ఆఫీసంట, ఎవరూ సరిగ్గా చెప్పరు. కూర్చో. చెల్లెలివా?"

"భార్యనండి."

జ్ఞానప్రసూనాంబ చేతిలోని కాగితాలు కింద పెట్టింది. కళ్ళద్దాలు పెట్టుకుని సువర్ణను చూసింది. ఫైలు తెరిచి చూసి, మళ్ళీ సువర్ణను చూసింది.

"రెండో భార్యవా అమ్మా?"

"కాదండి. నేనొక్కదాన్నేనండి."

"భార్య చనిపోయిందని రాసుంది ఇందులో. ఆయన చెబితే నేనే రాశాను."

బెంచీ మీద తన వంతు కోసం కూర్చున్న ఒక ముసలాయన ఇటు తిరిగి చూశాడు. సువర్ణకు చెవుల దగ్గర వేడెక్కింది. బతికి ఉన్నానని ఎలా చెప్పుకోవాలో ఆమెకు తోచలేదు. కాసేపటికి సంచిలోంచి రేషను కార్డు తీసి బల్ల మీద పెట్టింది. ఆసుపత్రంటే కార్డు అడుగుతారని తెచ్చుకుంది. అందులో ఇంటిల్లిపాదీ ఫొటో ఉంది. బిగుసుకుని నిలబడిన ఎజ్రా, పక్కన కరుణమ్మ, రెండు జడల కూతురు మానస, మానస భుజం మీద చెయ్యేసి తను.

జ్ఞానప్రసూనాంబ ఆ ఫొటోను చాలాసేపు చూసింది. ముసలాయనను బయట కూర్చోమని చెప్పి, తలుపు దగ్గరగా వేసి వచ్చింది.

"నీకేం చెప్పాడమ్మా ఇంట్లో?"

"కిడ్నీలో రాళ్ళని చెప్పారండి."

"ఇది ఆయన నోటితో ఆయన చెప్పాలి. నేను చెప్పకూడదు," అంది జ్ఞానప్రసూనాంబ. మళ్ళీ తనే, "కానీ ఆయన నిన్ను చంపేసి కూర్చున్నాడు. రెండుసార్లు పరీక్షకు రాలేదు. మూడోసారీ రాకపోతే, నేను నోరు మూసుకున్నందుకు ఎవరికి మేలు?" అని కుర్చీ ముందుకు జరుపుకుంది.

ఆమె గొంతు పెంచలేదు, తగ్గించనూ లేదు. బియ్యం ఎసరు గురించి చెప్పినట్టే చెప్పింది. కాన్సరు వచ్చింది పురుషాంగానికి. చివర చిన్న పుండులా మొదలవుతుంది. మగవాళ్ళు సిగ్గుపడి ఎవరికీ చూపించరు. మందుల షాపులో అడిగి ఏదో పూత రాసుకుంటారు. ఎజ్రా కూడా ఏడాదిపాటు అదే చేశాడు. హైదరాబాదులో ముందు భాగం తీసేశారు. వెనక భాగం ఉంచారు.

సువర్ణ బల్ల అంచును చూస్తూ వింది. ఆమె మనసులోకి మొట్టమొదట వచ్చింది దుఃఖం కాదు. అయితే ఇంకో ఆడమనిషి లేదన్నమాట అని ఊపిరి తేలికైంది. ఆ వెంటనే, ఇలాంటి మాట విని కూడా తన ప్రాణం ముందు అక్కడికి పోయినందుకు సిగ్గేసింది. చీర కొంగు వేలికి చుట్టుకుంది.

"తిరుగుళ్ళు తిరిగినవాళ్ళకే వస్తుందనుకోకు. అందరూ అలాగే అంటారు. చర్మం బిగుసుకుపోయి వెనక్కి రానివాళ్ళకి వస్తుంది, బీడీలు కాల్చేవాళ్ళకి వస్తుంది. ఇంకా ఎన్నో కారణాలు. కాపురం సంగతి అడగవేం?"

"ఏం అడగాలండి?"

"చూశావా. ఆయనా అంతే. ఎవరూ అడగరు. అందుకే ఈ కాగితం పెట్టుకున్నాం." జ్ఞానప్రసూనాంబ ఫైలులోంచి ఒక పత్రం తీసింది. దాని మీద తెలుగులో అచ్చువేసిన ప్రశ్నలున్నాయి. ఒక్కో ప్రశ్నకు నాలుగు గడులు: అస్సలు లేదు, కొంచెం, చాలా, ఎప్పుడూ. "ఆపరేషను తర్వాత మనిషి ఎలా బతుకుతున్నాడో తెలుసుకోవడానికి. నిలబడి మూత్రం పోయగలుగుతున్నారా అని ఒకటి. మిమ్మల్ని మీరు చూసుకుంటే సిగ్గుగా ఉంటోందా అని ఒకటి."

సిగ్గు ప్రశ్న దగ్గర 'ఎప్పుడూ' అన్న గడిలో టిక్కు ఉంది. పెన్ను గట్టిగా నొక్కితే కాగితం అవతలికి గుచ్చుకుంది. సువర్ణ కళ్ళు దాని కింది ప్రశ్న మీద పడ్డాయి. 'మీ భార్య మీద కోరిక కలుగుతోందా?' ఎజ్రా 'చాలా' అన్న గడిలో టిక్కు పెట్టాడు.

"నాకు అప్పుడే అనుమానం రావలసింది," అంది జ్ఞానప్రసూనాంబ. "పోయిన మనిషి మీద ఇంత కోరికేంటని."

ఆమె నవ్వలేదు. సువర్ణ కూడా నవ్వలేదు. కానీ ఆ గది కొంచెం విశాలమైనట్టు అనిపించింది.

"మునుపట్లా ఉంటుందని నీకు అబద్ధం చెప్పను. ఉండదు. కానీ ఉన్నదాంతో కాపురం చేసుకోవచ్చు. చేసుకుంటున్నవాళ్ళు ఉన్నారు. తణుకు నుంచి ఒకాయన వస్తాడు, ఇదే ఆపరేషను. ఎప్పుడొచ్చినా భార్యతోనే. ఇద్దరూ పోట్లాడుకుంటూ మెట్లెక్కుతారు, పకోడీ పొట్లం పట్టుకుని దిగుతారు. మీరిద్దరూ కలిసి వస్తే ఎలా ఏమిటన్నది నేను చెబుతాను. దానికి తొందర లేదు. తొందరున్నది ఇంకొకటి ఉంది. ఈ జబ్బు మళ్ళీ వస్తే ముందు గజ్జల్లో కనబడుతుంది. అందుకే చెయ్యి పెట్టి చూడాలి రెండు నెలలకోసారి. పెద్ద డాక్టరు గారు నెలలో మొదటి శుక్రవారమే వస్తారు. ఈ శుక్రవారం పదింటికి లాక్కురా."

"శుక్రవారం పదింటికా అండి?"

"ఏం, పనుందా?"

సువర్ణ లేదంది.

లేచేటప్పుడు జ్ఞానప్రసూనాంబ ఆమె పేరడిగింది. ఫైలులో 'చనిపోయింది' అన్న మాటను అడ్డంగా కొట్టేసి, పైన 'సువర్ణ' అని రాసింది.

తిరుగు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఎండ ముఖం మీద పడుతున్నా సువర్ణ జరగలేదు. పక్కన కూర్చున్నావిడ ఏ ఊరమ్మా అని అడిగితే ఊరి పేరు చెప్పి, ఆసుపత్రికి వెళ్ళావా అంటే లేదంది. ఆ లేదు అన్న మాట నోట్లోంచి ఎంత సులువుగా వచ్చిందో చూసుకుని, ఎజ్రా కూడా ఇంత సులువుగానే అనుంటాడు అనుకుంది.

రోడ్డు మీద దిగి ఇంటివైపు వెళ్ళకుండా చెరువు గట్టెక్కింది. పోయిన ఏడాది కొల్లేటి లోపలి అక్రమ చెరువుల గట్లన్నీ సర్కారువాళ్ళు ప్రొక్లెయిన్లతో కొట్టేశారు. రాజుగారి చెరువు సరస్సు హద్దుకు ఇవతల ఉండడంతో మిగిలింది. మధ్యాహ్నం రెండు దాటింది. గట్టు మీద మనుషులెవరూ లేరు.

పాక వెనక జమ్ము గుబురు పక్కన నాలుగు కర్రలు పాతి, చుట్టూ గోనెపట్టా కట్టి ఉంది. నెల కిందట దీన్ని చూసినప్పుడే సువర్ణకు గుండె మండింది. ఆడమనిషి రాకపోతే ఆరుబయట ఈ చాటు ఎందుకు అనుకుంది. ఇప్పుడు గోనెపట్టా తొలగించి చూసింది. లోపల రెండు ఇటుకలు పక్కపక్కన పెట్టి ఉన్నాయి. ఒక ప్లాస్టిక్ చెంబు ఉంది. మగవాడు కూర్చోవడానికి కట్టుకున్న చాటు. ఆమె గోనెపట్టాను మునుపు ఉన్నట్టే సర్ది, రెండు చేతులూ కొంగుకు తుడుచుకుంది.

ఎజ్రా చెరువులో దోనె మీద ఉన్నాడు. చిల్లులు పొడిచిన సంచుల్లో తవుడు, వేరుశనగ చెక్క కలిపి నింపి, నీళ్ళలో పాతిన వెదురు కర్రలకు కట్టడం అతని పని. చేపలు ఆ చిల్లుల దగ్గర మూతి పెట్టి తింటాయి. గట్టు మీద సువర్ణను చూసి గబగబా దోనె ఒడ్డుకు తెచ్చాడు.

"మానసకేమైనా అయిందా?"

"బడిలో ఉంది." ఆమె దోనెలోకి దిగి తవుడు బస్తా మీద కూర్చుంది. "తొయ్యండి."

"ఎక్కడికి?"

"మధ్యకి. ఎవరికీ వినపడని చోటికి."

అతను ఆమె ముఖం చూసి వెదురు గెడ వేసి తోశాడు. సంచుల వరసలు నాలుగు దాటాక ఆమె చాలంది.

"ఏవండీ, నేనెప్పుడు చచ్చిపోయానండి?"

గెడ నీళ్ళలో అలాగే నిలబడిపోయింది.

"తేదీ చెబితే మానసకి చెప్పుకుంటాను. జ్ఞాపకార్థ కూడికైనా పెట్టించారా, ఊరికే పూడ్చేశారా?"

"ఏలూరు వెళ్ళావా?"

"చచ్చిపోయినదాన్ని. ఎక్కడికెళ్తే ఎవరడుగుతారు?"

ఎజ్రా గెడను బురదలో గుచ్చి, తాడుతో దోనెను దానికి కట్టాడు. ముడి వేయడానికి చాలాసేపు పట్టింది. రోజుకు వందసార్లు వేసే ముడి అది. తర్వాత దోనె అవతలి చివర కూర్చున్నాడు, ముఖం ఆమె నుంచి పక్కకు తిప్పుకుని. సంచుల కింద చేపలు తింటున్న చప్పుడు చప్పరింపులా వినిపిస్తోంది.

"నర్సమ్మగారు నిన్ను తీసుకురమ్మన్నారు," అన్నాడు చివరికి. "మొదటిసారి వెళ్ళినప్పుడు. మీ ఆవిణ్ణి తీసుకురండి, ఇద్దరికీ కలిపి చెప్పాలి, బొమ్మ గీసి చూపిస్తాను అన్నారు. నువ్వు పక్కన కూర్చుంటే ఆ బొమ్మ... నా వల్ల కాలేదు. పోయిందండి అన్నాను. అనుకుని అన్నది కాదు. నోట్లోంచి వచ్చేసింది. ఆవిడ చాలా బాధపడిపోయారు. కిందకి మనిషిని పంపి టీ తెప్పించారు."

"తాగారా?"

"తాగాను."

"నా చావుకి టీ తాగారు."

"రెండోసారి వెళ్తే, చిన్న వయసే, మళ్ళీ పెళ్ళి చేసుకోవచ్చు అన్నారు. ఇంక అక్కడికి వెళ్ళడానికి నాకు ముఖం లేకపోయింది."

సువర్ణ చేతిసంచిని ఒళ్ళోకి లాక్కుంది.

"ఒక్కటి అడుగుతాను. ఒక్కసారే అడుగుతాను. ఇంకెవరి దగ్గరికైనా వెళ్ళారా?"

"లేదు."

"దేవుడి మీద..."

"ఒట్టు పెట్టకూడదు. లేదంటే లేదు." అతను ఇప్పుడు ఇటు తిరిగాడు. "నువ్వే అడిగావు చూడు. ఊరు అడగకుండా ఉంటుందా? పేరు చెబితే చాలు, ఎక్కడ తిరిగాడో అంటారు. నన్ననుకోనీ. మానసను బళ్ళో ఏమంటారు?"

సువర్ణ తల దించుకుంది. "స్టెల్లా అనుకున్నాను నేను," అంది.

"ఏ స్టెల్లా? వల లాగడానికి వచ్చే స్టెల్లానా?"

"రెండు నెలలుగా దాంతో మాటల్లేవు. పంపు దగ్గర దాని బిందె కాలితో తన్నాను. అది ఏమీ అనలేదు. బిందె ఎత్తుకుని పోయింది." ఆమెకు ఇప్పుడు ఆ బిందె సొట్ట కళ్ళ ముందు కనిపిస్తోంది. "పాక వెనక చాటు కూడా దాని కోసమే కట్టారనుకున్నాను."

ఎజ్రా ముఖం నల్లబడింది. "చూశావా అది?"

"ఇప్పుడే చూశాను."

"నిలబడితే కాళ్ళ మీద పడుతుంది," అన్నాడు నీళ్ళకేసి చూస్తూ. ఒక్కో మాటా తవ్వి తీస్తున్నట్టు ఉంది. "లోడింగుకి వచ్చిన లారీవాళ్ళు చూశారు ఒకరోజు. ఏం ఎజ్రా, ఆడపిల్లలా కూర్చుంటున్నావేంటి అన్నారు. సరదాకే అన్నారు. వాళ్ళకేం తెలియదు. నేనూ నవ్వాను. ఆ మర్నాడు గోనె కట్టుకున్నాను."

ఆ మనిషి ఇరవై నాలుగు బస్తాల మేత ఒంటిచేత్తో దోనెకెత్తడం సువర్ణ చూసింది. తుఫానులో గట్టు తెగితే పీకల్లోతు నీళ్ళలో నిలబడి ఇసుక బస్తాలు వేయడం చూసింది. ఇప్పుడు అతను మోకాళ్ళు దగ్గరకు ముడుచుకుని, లుంగీ వాటి మీదకు లాక్కుని కూర్చున్న తీరు చూడలేకపోయింది.

"మీరు నా దగ్గరకు రావడం మానేస్తే నాలోనే ఏదో లోపముందనుకున్నాను," అంది. "లావయ్యాననుకున్నాను. తవుడు పని చేసి ఒళ్ళు వాసనేస్తోందనుకున్నాను. పౌడరు మార్చాను. మీకు తెలిసిందో లేదో."

"తెలిసింది. గులాబీ వాసనొచ్చేది. అన్నం పెడుతుంటే."

"మరి ఒక్క మాట అనలేదు."

"అంటే దగ్గరకు వస్తావని భయం."

ఆమె కొంగుతో ముక్కు తుడుచుకుంది. "కాగితంలో ఒకచోట 'చాలా' అని టిక్కు పెట్టారు."

"దేనికి?"

"దేనికో మీకే తెలుసు. చచ్చిపోయినదాని మీద."

ఎజ్రా మెడ మీది తువ్వాలు తీసి ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదిలాయి. చప్పుడు రాలేదు. ఆమె లేచి వెళ్ళలేదు. దోనెలో ఇద్దరూ ఒకవైపుకు వస్తే ఒరుగుతుంది. బస్తా మీద నుంచి కొంచెం కొంచెంగా ముందుకు జరిగి, అతని మోకాలికి జానెడు దూరంలో ఆగింది.

"మునుపట్లా కుదరదు సువర్ణా. నువ్వు చూస్తే..." తువ్వాలు వెనక నుంచి వచ్చింది మాట.

"నేను చూడలేదుగా ఇంకా. చూడకముందే నన్నెందుకు చంపేశారు?"

ఒక నీటికోడి సంచుల వరస మధ్యలోంచి ఈదుకుంటూ పోయింది.

"ఆ సీసాలో రాళ్ళెక్కడివి?" అడిగింది సువర్ణ.

"దారిలో టీకి కారు ఆపారు. రోడ్డు పక్క కంకర. రాజుగారే ఏరారు. మీ అమ్మ అడుగుద్దిరా, నున్నటివి చూడు అని."

"అత్తయ్య వాటిని చేత్తో ముట్టుకుని ప్రార్థన చేసిందండి."

"తెలుసు."

"సరే, జరిగిందేదో జరిగింది," అంది సువర్ణ. బస్సులో వస్తూ అనుకున్నదంతా కూడదీసుకుంది. "శుక్రవారం ఏ జబ్బో చెప్పక్కర్లేదు. రాళ్ళని కూడా అనొద్దు. జబ్బు చేసింది, దేవుడు బాగుచేశాడు, స్తోత్రం అని ఒక్క ముక్క చెప్పి కూర్చోండి. అది అబద్ధం కాదుగా. కూడిక పొద్దున్నే పెట్టించమని అత్తయ్యతో నేను చెబుతాను. అది అవగానే ఏలూరు వెళ్దాం ఇద్దరం. డాక్టరు గారు పదింటికి వస్తారంట, కొంచెం ఆలస్యమైనా కాళ్ళు పట్టుకుందాం."

ఎజ్రా తల అడ్డంగా ఊపాడు.

"ఒక్క ముక్కేగా. అంత సిగ్గయితే నేను పక్కన నిలబడతాను."

"సిగ్గు కాదు."

"మరి?"

అతను తువ్వాలు పక్కన పెట్టాడు. గట్టు వైపు చూసి ఎవరూ లేరని చూసుకున్నాడు. సువర్ణ కుడిచెయ్యి పట్టుకున్నాడు. ఎనిమిది నెలల్లో అతను ఆమెను తాకడం అదే మొదటిసారి. తవుడు అంటిన అరచెయ్యి గరుకుగా, వేడిగా ఉంది. ఆ చేతిని తీసుకెళ్ళి లుంగీ మీద నుంచే తొడ మొదట్లో, గజ్జ దగ్గర పెట్టాడు.

ముందు ఆమెకు ఏమీ అర్థం కాలేదు. తన చెయ్యి ఎక్కడుందో తెలిసి ఒళ్ళంతా ముడుచుకుంది. తర్వాత వేళ్ళ కింద అది తగిలింది. గుండ్రంగా, గట్టిగా, గోళీకాయంత. నొక్కితే కదలలేదు.

"మట్టలాదివారం నాటికి శనగగింజంత ఉండేది," అన్నాడు ఎజ్రా.

ఈస్టరుకు ముందు వచ్చే మట్టలాదివారం వెళ్ళి మూడు నెలలు. సువర్ణ లెక్క వేయబోయి మానేసింది. చెయ్యి తీయలేదు.

"నొప్పుందా?"

"లేదు. అందుకే మేలో వెళ్ళలేదు. నొప్పి లేదుగా, అదే పోతుందనుకున్నాను. ఎవరైనా చెయ్యి పెట్టి చూస్తే నిజమైపోతుందనిపించింది." అతను తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ఏ జబ్బో చెప్పమంటే ఎలాగో తంటాలు పడి చెప్పేవాణ్ణేమో సువర్ణా. దేవుడు బాగుచేశాడని మైకులో ఎలా చెప్పను?"

"ఒరే ఎజ్రా!"

ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. సువర్ణ చెయ్యి వెనక్కి లాక్కుంది. గట్టు మీద కరుణమ్మ నిలబడి చెయ్యి ఊపుతోంది. ఆమె పక్కన పాస్టరు అబ్రహాం గారు స్కూటరుకు స్టాండు వేస్తున్నారు.

"పాస్టరు గారొచ్చారు, ఇలా రండి. శుక్రవారం పదింటికే ఖాయం చేశారు. గుడివాడ నుంచి ప్రసంగీకుల్ని కూడా పిలిచారంట. సువర్ణా, గూడెం వెళ్ళి అప్పుడే వచ్చేశావేంటే? అక్క వస్తానందా?"

"ఆ, వస్తున్నామత్తయ్యా," అంది సువర్ణ. దోనె కట్టు విప్పుతున్న ఎజ్రా వైపు వంగి, గొంతు తగ్గించింది. "నేను చెబుతానండి. మళ్ళీ రాళ్ళు పడ్డాయి, శుక్రవారమే డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, కూడిక వాయిదా వేయమని చెబుతాను. నమ్ముతారు. మీరు నొప్పిగా ఉన్నట్టు నడుము పట్టుకోండి, చాలు."

అబద్ధం అంత చక్కగా, అంత త్వరగా కుదిరినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

ఎజ్రా గెడ బురదలోంచి పెరికి నిలబడ్డాడు. నడుము పట్టుకోలేదు.

"నువ్వేం చెప్పకు," అన్నాడు.

"మరి మీరేం చెబుతారు?"

అతను గెడ వేసి తోశాడు. దోనె మొదటి వరస సంచులు దాటింది. గట్టు మీద కరుణమ్మ కొంగు చివర ముడి విప్పి, లోపలి నుంచి ఏదో తీసి పాస్టరు గారికి ఇచ్చింది. ఆయన దాన్ని ఎండకు ఎత్తి పట్టుకుని, ఒక కన్ను మూసి చూస్తున్నారు. సీసా. దూది మీద రెండు నున్నటి రాళ్ళు.

"ఎంతెంత ఉన్నాయో చూడండి బాబూ," అంటోంది కరుణమ్మ. "ఇవి లోపల పెట్టుకుని తిరిగాడు నా కొడుకు."

ఎజ్రా మళ్ళీ గెడ వేశాడు. అతని పెదాలు కదులుతున్నాయి. ప్రార్థన చేస్తున్నాడో, చెప్పబోయే మాటను కూర్చుకుంటున్నాడో సువర్ణకు తెలియలేదు. ఆమె బస్తా మీద నుంచి లేచి, దోనె ఒరగకుండా కాళ్ళు ఎడంగా పెట్టి అతని పక్కన నిలబడింది.

గట్టుకు ఇంకా నాలుగు గెడల దూరం ఉంది.